పోరంబోకు ఎక్కడెక్కడ ఉంది?

1984 జనవరిలో మా తాత కరణీకం పోయింది. ఆయనొక్కడిదే కాదు, రాష్ట్రంలోని కరణాలూ మునసబులూ అందరి కొలువులూ ఒక్క ఆర్డినెన్సుతో పోయాయి. నాకప్పుడు ఆరేళ్లు. పుంగనూరుకు ఏడెనిమిది మైళ్లలో ఉన్న మా ఊరికి తాలూకా ఆఫీసు నుంచి ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి, నట్టింట చాప మీద కూచుని, ఎర్రగుడ్డల్లో కట్టిన లెక్కల మూటలు ఒక్కొక్కటే విప్పించుకున్నాడు. అడంగళ్లు, డైగ్లాట్, చేలగట్ల కొలతలున్న ఎఫ్‌ఎంబీ పుస్తకం, శిస్తు వసూళ్ల చిట్టా. మధ్యాహ్నం దాకా సాగింది. ఒక జాబితా రాసుకుని ఇద్దరూ కింద సంతకాలు పెట్టారు. లేచేటప్పుడు ఆయన అడిగాడు: “అంతేనా సామీ? ఇంకేమన్నా ఉండాయా?”

“రాసిండేవన్నీ ఇచ్చేసినా నాయనా,” అన్నాడు మా తాత.

ఈ జవాబును మా నాయన ఆ తరవాత చాలాసార్లు నవ్వుతూ చెప్పేవాడు. రాసినవన్నీ ఇచ్చాడు, నిజమే. రాయనిది ఇంకా ఆయన తలలోనే ఉంది. లెక్కలో ‘పోరంబోకు’ అని ఒకే మాటగా ఉన్న చోట, ఏది గొడ్లు తిరిగే దారి, ఏది పసిపిల్లల్ని పూడ్చే దిబ్బ, ఏది మూడేళ్లకోసారి మాత్రమే నీళ్లు పారే వంక అన్నది ఆయనకు తెలుసు. అడిగితే చెప్పేవాడేమో. ఆ ఇన్‌స్పెక్టరు అడగలేదు, ఆయన చెప్పలేదు.

నట్టింట్లో జరిగిన ఆ అప్పగింత మళ్లీ నాకు గుర్తుకొచ్చింది పదహారేళ్ల తరవాత, మదనపల్లెలో, కంప్యూటర్ ముందు కూచున్నప్పుడు. ఈ వ్యాసం నిజానికి కంప్యూటర్ గురించే. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చిన క్షణం నుంచి, తెరమీద మనకు తెలిసిన బొమ్మలు వచ్చేలోపు, లోపల ఒక అప్పగింత జరుగుతుంది. దాన్ని కాగితం మీద పెట్టడానికి కొందరు నలభయ్యేళ్లుగా తంటాలు పడుతున్నారు. ఆ చరిత్ర నాకు తెలిసినంతలో చెబుతాను.

అప్పట్లో నేను ఎంసీఏ చదువుతున్నాను. పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు లైనక్స్ సీడీలు వచ్చేవి. టమోటా లారీల మధ్య నుంచి సైకిల్ తొక్కుకుంటూ పోయి, బస్టాండు దగ్గర కొట్లో ఆ పత్రిక కొనుక్కుని, ఆ సీడీని నలుగురం వంతులేసుకుని వాడేవాళ్లం. నేను లైనక్స్ ఎక్కించిన యంత్రంలో 128 ఎంబీ మెమరీ ఉంది. డబ్బులు పోగేసి వేయించుకున్నది, చేత్తో పట్టుకుని చూసినది. లైనక్స్ మాత్రం 64 ఎంబీనే ఉందంది. విండోస్‌లో చూస్తే 128 చూపిస్తుంది. చిప్పు చెడిపోయిందనుకుని కొట్టుకు తీసుకుపోతే, ఆయన తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, “ఇది బాగానే ఉండాదప్పా, నీ లైనక్సే బాగలేదు,” అన్నాడు.

సీనియర్ ఒకాయన చెబితే, లైలో అనే బూట్‌లోడర్ ఫైల్లో ‘మెమ్ = 128ఎం’ అని ఒక ముక్క చేర్చాను. మెమరీ అంతా వచ్చేసింది. అంటే, ఊళ్లో ఎంత భూమి ఉందో కొత్త అధికారికి పాత లెక్క సరిగ్గా చెప్పలేదు, ఊరివాణ్ణి నేను చెబితే నమ్మాడు. ఎందుకు చెప్పలేదన్నది నన్ను తినేసింది. ఆ ‘ఎందుకు’కు జవాబు లైనక్స్ సోర్సుతో పాటు వచ్చే డాక్యుమెంటేషన్ అనే సంచీలో, ఐ386 అన్న చోట, బూట్.టీఎక్స్‌టీ అనే ఫైలు చదివితే దొరుకుతుందన్నారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద దాన్ని కొట్టుకుని, అంచుల్లో చిల్లులున్న ఆ పొడుగు కాగితాన్ని చించకుండా మడతపెట్టి దాచుకున్నాను. నేను జీవితంలో ఎక్కువసార్లు చదివిన రచనల్లో అదొకటి. సాహిత్య పత్రికలో ఈ మాట ఒప్పుకోవడానికి కాస్త మొహమాటంగానే ఉంది.

ఫర్మ్‌వేర్ అంటే మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో శాశ్వతంగా కాపురముండే ప్రోగ్రామ్. పీసీల్లో దానికి చాలాకాలం బయాస్ అని పేరు. కరెంటు రాగానే ముందు నిద్రలేచేది అదే. ఏ అరలో ఎంత మెమరీ ఉంది, డిస్క్ ఎక్కడుంది, తెర ఏ రకం – ఇవన్నీ దానికి తెలుసు, ఎందుకంటే ఆ బోర్డుకోసమే దాన్ని రాశారు. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అది బయటినుంచి వస్తుంది. ఏ బోర్డు మీద దిగబోతోందో దానికి ముందుగా తెలియదు. ఒకరు ఊరివాడు, ఒకరు బదిలీ మీద వచ్చినవాడు. కెర్నల్ దిగగానే యంత్రమంతా తన అజమాయిషీలోకి తీసుకుంటుంది, కానీ అంతకుముందు ఊరివాణ్ణి కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి.

బయాస్ అన్న మాట 1970ల నడుమ గ్యారీ కిల్డాల్ తయారుచేసిన సీపీ/ఎం నుంచి వచ్చింది. ఆయన తన సిస్టమ్‌లో యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని విడదీసి ఆ పేరు పెట్టాడు. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. అందులో బయాస్ మొత్తం 8 కేబీ. ఐబీఎం ఒక చిత్రమైన పని చేసింది: ఆ బయాస్ అసెంబ్లీ కోడ్ మొత్తాన్ని తన టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో అచ్చేసింది. తెర మీద అక్షరం వేయాలంటే ఏ ఇంటరప్టు, డిస్క్ చదవాలంటే ఏది, కీబోర్డుకు ఏది – అంతా పుస్తకంలో ఉంది. చదువుకోవచ్చు, కానీ నకలు చేసుకోకూడదు, కాపీరైటు ఐబీఎందే.

అయితే ఐబీఎం యంత్రంలా నడిచే యంత్రం తయారుచేయాలంటే ఎట్లా? కాంపాక్ మొదట, ఆ తరవాత ఫీనిక్స్ టెక్నాలజీస్, ఒక ఉపాయం పట్టాయి. ఒక జట్టు ఐబీఎం కోడ్ చదివి, అది ‘ఏం చేస్తుందో’ మాత్రం రాస్తుంది, ‘ఎట్లా చేస్తుందో’ రాయదు. ఆ కాగితాలు మరో గదిలో ఉన్నవాళ్లకు అందుతాయి. ఐబీఎం కోడ్ ఎన్నడూ కంటపడనివాళ్లే అక్కడ కూచుని, ఆ వర్ణన చూసి కొత్త కోడ్ రాస్తారు. రెండు గదుల మధ్య కాగితం తప్ప మనిషి దాటకూడదు. ఫీనిక్స్ బయాస్ 1984లో బజారుకొచ్చింది, మా తాత మూటలు అప్పగించిన ఏడే. పీసీ అన్నది ఒక కంపెనీ సొత్తు కాకుండా పోవడానికీ, పదిహేనేళ్ల తరవాత మదనపల్లెలో నాలాంటివాడు విడిభాగాలు కొనుక్కుని యంత్రం బిగించుకోవడానికీ దారి ఆ కాగితాల్లోంచే పడింది. డాక్యుమెంటేషన్ అంటే పని అయ్యాక విసుగ్గా రాసే తోకముక్క అనుకునేవాళ్లకు నేను ఈ కథే చెబుతుంటాను.

1985లో అమెరికాలో సుబ్రమణియన్ శంకర్, ప్యాట్ శర్మ కలిసి అమెరికన్ మెగాట్రెండ్స్ పెట్టారు. మన ఊళ్లలోని చాలా పీసీల్లో స్విచ్ వేయగానే మొదట కనబడింది వాళ్ల బయాస్ పేరే. నా యంత్రంలోనూ అదే. కెర్నల్ పేరు తెలిసినంతగా ఆ పేరు ఎవరికీ తెలియదు. ఊరి కరణం పేరు కలెక్టరు పేరులా పత్రికల్లో పడదు కదా.

లైనక్స్ సంగతికొస్తే, 1991లో లీనస్ టోర్వాల్డ్స్ రాసిన తొలి బూట్ కోడ్ చూస్తే ఈ అప్పగింత ఎంత ఇరుకులో జరిగిందో తెలుస్తుంది. బయాస్‌కు తెలిసిన పని ఒక్కటే: డిస్క్ మొదటి 512 బైట్లను తెచ్చి, పదహారింటి లెక్కలో 7సి00 అనే చిరునామాలో పడేసి, అక్కడికి దూకడం. అక్కడినుంచి నీ తిప్పలు నీవి. లైనక్స్ బూట్ సెక్టరు ముందు తనను తాను 90000 చిరునామాకు నకలు చేసుకుంటుంది. తరవాత సెటప్ అనే భాగం వచ్చి, బయాస్‌ను అడగాల్సినవన్నీ అడుగుతుంది – కర్సర్ ఎక్కడుంది, మెమరీ ఎంత, తెర ఏది, డిస్క్ వివరాలేమిటి. అడగడానికి ఇదే చివరి అవకాశం. ఎందుకంటే తరవాతి అడుగులో ప్రాసెసర్ ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి మారుతుంది, ఇక ఆ పాత బయాస్‌ను పిలవడానికి లేదు. మరి ఆ జవాబులు ఎక్కడ పెట్టుకోవాలి? పని అయిపోయిన బూట్ సెక్టరు ఉందే, 90000 దగ్గర, దాని మీదే రాసేస్తుంది. పాడుపడిన ఇంటి దిబ్బ మీద గుమ్మడిపాదు పెట్టినట్టు.

ఆ దిబ్బే పెరిగి పెరిగి ‘జీరో పేజీ’ అయింది. ఈరోజు దాని కొలత 4096 బైట్లు. అందులో ఏ గడిలో ఏముండాలన్నది ఎవరూ కూచుని గీసిన పథకం కాదు. తెర రకాలు పెరిగితే కొన్ని గడులు, ల్యాప్‌టాప్‌లు వస్తే కొన్ని, పెద్ద డిస్కులు వస్తే కొన్ని. మధ్యలో వాడకం పోయిన గడులు అట్లే ఉండిపోయాయి, ఎవరన్నా ఇంకా వాటిని చూస్తున్నారేమోనన్న భయంతో. జమీను రద్దయ్యాక కూడా మా వైపు లెక్కల్లో జమీనునాటి పేర్లు మిగిలిపోయినట్టు.

కెర్నల్‌నూ బూట్‌లోడర్‌నూ వేరువేరు మనుషులు రాస్తున్నంతకాలం, ఒకరు గడి మారిస్తే రెండోవాళ్లది పడిపోతుంది. అందుకని 1996లో, కెర్నల్ 1.3.73తో, ఈ ఒప్పందానికి 2.00 అని వరుససంఖ్య వచ్చింది. కెర్నల్ ఫైలు మొదట్లో ‘హెచ్‌డీఆర్‌ఎస్’ అనే నాలుగక్షరాల ముద్ర ఉంటే, ఇది ఒప్పందం తెలిసిన కెర్నల్ అని అర్థం. ముద్ర లేకపోతే పాతకాలపుది. నేను ప్రింటు తీసుకున్న బూట్.టీఎక్స్‌టీ ఈ ఒప్పందానికి రాతరూపం. రాసినాయన హెచ్. పీటర్ యాన్విన్, సిస్‌లైనక్స్ అనే బూట్‌లోడర్ కర్త. అంటే గోడకు ఆ పక్కన కూచుని పనిచేసినవాడు, ఈ పక్కవాళ్ల కోసం కూడా రాశాడు. చరిత్ర కారణంగా ఈ పద్ధతి చిక్కుబడి ఉందని ఆ పత్రం మొదట్లోనే ఒప్పుకుంటుంది. నాకు నచ్చింది ఆ ఒప్పుకోలే. మొదటినుంచీ అంతా ఆలోచించే కట్టామని బుకాయించే పత్రాలు ఆ తరవాత చాలా చదివాను.

అందులో బూట్‌లోడర్లకు నంబర్ల పట్టిక ఉంటుంది: లైలోకు 0, లోడ్‌లిన్‌కు 1, సిస్‌లైనక్స్‌కు 3, గ్రబ్‌కు 7, యు-బూట్‌కు 8. కొత్తగా బూట్‌లోడర్ రాసేవాళ్లు ఉత్తరం రాసి నంబరు అడిగి తీసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం నంబర్ల లాగే. ఒప్పందం వరుససంఖ్యల్లో 2.14 దగ్గర ఒక శ్మశానశిల కూడా ఉంది. 2018లో ఆ సంఖ్యతో ఒక మార్పు పొరపాటున కెర్నల్‌లో చేరింది, వెంటనే వెనక్కి తీసుకున్నారు. కానీ ఈలోపు ఎవరన్నా దాన్ని నమ్ముకుని ఉంటే? అందుకని ఆ సంఖ్య కాలిపోయిందనీ, ఎవరూ వాడవద్దనీ, 2.13గానే భావించమనీ పత్రంలో పెద్దక్షరాల్లో రాసి, తరవాతిదాన్ని 2.15 చేశారు. కొట్టేసిన పద్దును చెరిపేయకుండా, కొట్టేశామని రాసి, దాని కింద కొత్త పద్దు రాయడం. మా తాత లెక్కల్లో కూడా ఎర్రసిరా గీత ఉండేది గానీ, గీకిన మరక ఉండేది కాదట.

ఇంతకూ నా 64 ఎంబీ. మెమరీ ఎంతుందని బయాస్‌ను అడగడానికి పాత పిలుపు ఒకటుంది. అది జవాబును కేబీల్లో, పదహారు బిట్లలో చెబుతుంది. పదహారు బిట్లలో పట్టే పెద్ద అంకె 65535. అంటే 64 ఎంబీకి మించి చెప్పడానికి దానికి నోరు లేదు. అబద్ధం కాదు, మాటలు చాలవు. తరవాత ఇ801 అనే పిలుపు, ఆ పైన ఇ820 అనే పిలుపు వచ్చాయి. ఈ చివరిది అసలైన అడంగలు. మెమరీ ఇంత అని ఒక్క మొత్తం చెప్పదు, సర్వే నంబర్ల వారీగా చెబుతుంది: ఇక్కడినుంచి ఇక్కడిదాకా 1వ రకం, వాడుకోవచ్చు. ఇక్కడినుంచి ఇక్కడిదాకా 2వ రకం, ముట్టుకోవద్దు. 3వ రకం, అందులోని పట్టికలు చదువుకున్నాక దున్నుకోవచ్చు. 4వ రకం, ఎప్పటికీ ఫర్మ్‌వేర్‌దే. రెండో రకానికి ఇంగ్లీషులో ఏ మాట వాడినా, నేను పాఠం చెప్పాల్సివచ్చినప్పుడల్లా పోరంబోకు అనే అంటాను.

కానీ అడంగలు రాసేది మనుషులు. కెర్నల్ సోర్సులో ఈ పటాన్ని ‘శుభ్రం’ చేసే ఫంక్షన్ ఒకటుంది. కొన్ని బయాస్‌లు ఇచ్చే పటంలో ఒక ముక్క ఇంకో ముక్క మీదికి వచ్చేసి ఉంటుందని అక్కడి వ్యాఖ్యలో ఉంది. అదే చోటు ఒక వరుసలో సాగుభూమి, ఇంకో వరుసలో పోరంబోకు. ఏది నమ్మాలి? కెర్నల్ తీర్పు సూటిగా ఉంటుంది: తగాదా ఉన్న చోట పెద్ద సంఖ్య రకానిదే గెలుపు. అంటే 1కీ 2కీ పేచీ వస్తే పోరంబోకే. కాస్త భూమి నష్టపోయినా సరే, వేరేవాళ్ల చోట్లో దున్నకూడదు.

2004 నుంచి ఆరేళ్లు నేను కుప్పంలో ఇల్లు తీసుకుని బెంగళూరుకు రైల్లో తిరిగాను. కుప్పం అప్పటికే కంప్యూటర్ పుకార్ల ఊరు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ అక్కడ ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టింది, పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి, ద్రావిడ విశ్వవిద్యాలయం అంతకుముందే ఉంది. మూడు రాష్ట్రాల అంచు కాబట్టి రైలు పెట్టెలో ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో మలుపు తిరిగి కన్నడంలో ముగిసేది. ఆ రైలుదారి గురించి నాకో ఊహ ఉండేది. ఒక కొసన చెన్నై, అక్కడ అమెరికన్ మెగాట్రెండ్స్ వాళ్ల ఆఫీసు, ఫర్మ్‌వేర్ మనుషులు. ఇంకో కొసన బెంగళూరు, అక్కడ ఐబీఎం లైనక్స్ టెక్నాలజీ సెంటరు, కెర్నల్ మనుషులు. మధ్యలో కుప్పం ప్లాట్‌ఫారం మీద నేను.

ఆ రోజుల్లో మాకు తలనొప్పి ఏసీపీఐ. 1996 చివర్లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ప్రకటించిన ఒప్పందం అది. అంతవరకూ ఫర్మ్‌వేర్ కెర్నల్‌కు లెక్కలు అప్పగించేది. ఏసీపీఐతో లెక్కలతో పాటు చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా అప్పగించడం మొదలైంది. ఫ్యాను తిప్పాలంటే ఈ ప్రోగ్రామ్ నడుపు, మూత మూస్తే ఇది నడుపు అని. పాత కరణం వెళ్లిపోతూ, నేను లేనప్పుడు ఈ పని వస్తే ఇట్లా చెయ్యి అని చీటీలు రాసిపెట్టిపోయినట్టు. పైగా ఆ చీటీలు కెర్నల్‌ను ఎదురు ప్రశ్న వేయగలవు: నువ్వు ఎవరి తాలూకు? విండోస్ ఫలానా వెర్షనా? జవాబును బట్టి ప్రవర్తన మారుతుంది. లైనక్స్ మొదట్లో నిజాయితీగా ‘నేను లైనక్స్’ అన్నదానికి కూడా ఔనంటూ ఉండేది. ఆ ఔను విని ఫర్మ్‌వేర్ తొక్కే దారి సరిగ్గా పరీక్షించి ఉండదు, లేదా అప్పటి లైనక్స్ లోపమొకటి సరిదిద్దడానికి వేసిన అతుకై ఉంటుంది, ఆ లోపం పోయినా అతుకు మిగిలేది. చివరికి లైనక్స్ ఆ ప్రశ్నకు కాదని, విండోస్ పేర్లన్నిటికీ ఔననడం మొదలుపెట్టింది. దీన్ని కూడా దాచకుండా డాక్యుమెంటేషన్లో రాశారు. అమ్మేవాళ్లు పరీక్షించేది విండోస్ మీదే కాబట్టి, బాగా నడిచిన దారిలోనే మనమూ నడవాలి అన్నది సారాంశం. చదువుతుంటే సిగ్గుపడాలో మెచ్చుకోవాలో తెలియని పేజీ. పెద్దాఫీసులో పని కావాలంటే ఫలానా వారి తాలూకు అని చెప్పుకోక తప్పని దేశంలో పుట్టినవాణ్ణి, నేను మెచ్చుకున్నాను.

ఇంకొక పని అదే కాలంలో జరిగింది, దాని గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. 2005లో కెర్నల్ 2.6.13లో కెఎక్సెక్, కెడంప్ చేరాయి. ఎరిక్ బీడర్‌మన్ పని మీద, బెంగళూరు ఐబీఎం నుంచి వివేక్ గోయల్ తదితరులు కట్టిన ఏర్పాటు కెడంప్. కెర్నల్ కుప్పకూలిపోతే, ఫర్మ్‌వేర్ జోలికి పోకుండా, ముందే పక్కన పెట్టుకున్న చోట్లోంచి రెండో కెర్నల్ లేచి, చనిపోయినదాని మెమరీని డిస్క్‌లోకి ఎత్తుతుంది. ఎందుకు చనిపోయిందో తరవాత చూసుకోవచ్చు. చిక్కేమిటంటే, ఈ రెండో కెర్నల్‌కు ఊరివాణ్ణి అడిగే అవకాశమే లేదు. అది నేరుగా పాత అధికారి నుంచే లెక్కలు తీసుకోవాలి. పాత అధికారి దగ్గరున్న పటం తాను శుభ్రం చేసి, కత్తిరించి, తన అవసరానికి దిద్దుకున్న పటం. నేను ‘మెమ్ =’ అని రాసినట్టు ఎవరో రాసి ఉంటే అది ఇంకా మారిపోయి ఉంటుంది. మరి అసలు పటం ఏది? ఈ ప్రశ్నకు జవాబుగా 2008లో, ఫర్మ్‌వేర్ మొదట ఇచ్చిన పటాన్ని దిద్దకుండా, తప్పులతో సహా, సిస్ ఫైల్‌సిస్టంలో ఫర్మ్‌వేర్ అనే చోట మెమ్‌మ్యాప్ పేరుతో విడిగా ఉంచే ఏర్పాటు వచ్చింది. దిద్దిన లెక్క వాడుకకు, దిద్దని లెక్క సాక్ష్యానికి. ఈ ఒక్క సంగతి మా తాతకు చెప్పి ఉంటే కంప్యూటరంటే ఏమిటో ఆయనకు ఇట్టే అర్థమయ్యేది. ఆయన 1991లోనే పోయాడు.

బయాస్ పోయి యూఈఎఫ్ఐ వచ్చింది. ఇంటెల్ 1990ల్లో ఇటానియం కోసం మొదలుపెడితే, 2005లో పదిమంది కంపెనీలవాళ్లు కలిసి ఫోరంగా ఏర్పడ్డారు. దాని గురించి వేల పేజీల ప్రమాణపత్రం ఉంది కాబట్టి నేను ఇక్కడ ఎక్కువ రాయను. ఒక్కటే చెబుతాను: వేల పేజీలున్నా, ఫర్మ్‌వేర్ దాచుకునే చోటును పూర్తిగా నింపేస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ లేవకుండా చచ్చిపోతాయని 2013లో తెలిసింది. అప్పటినుంచి కెర్నల్ ఆ చోట్లో 5 కేబీ ఖాళీ వదిలేస్తుంది. ఆ జాగ్రత్తను తీసేసే ఐచ్ఛికం పేరులో ‘పారనోయా’ అన్న మాటే ఉంది. ప్రమాణపత్రం చెప్పనిది అనుభవం చెప్పింది, దాన్ని ఒక పేరులో దాచారు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ముందే రాసుకుంటారనుకుంటాం. రిస్క్-ఫైవ్ చూడండి. పాత భారాలేవీ లేని ప్రాసెసర్ల కుటుంబం. 2018లో ఐఐటీ మద్రాసు వాళ్ల శక్తి చిప్పు మీద లైనక్స్ లేచినప్పుడు మా అందరికీ సంబరం. అదే ఏడు మొదట్లో వచ్చిన కెర్నల్ 4.15 నుంచి రిస్క్-ఫైవ్‌కు చోటుంది. అప్పగింత కూడా ముచ్చటగా ఉంటుంది: ఎ0 అనే రిజిస్టర్లో ఏ ప్రాసెసర్ నడుస్తోందో ఆ సంఖ్య, ఎ1లో డివైస్ ట్రీ అనే వివరాల జాబితా చిరునామా. అంతే, రెండు అంకెలు. కానీ కెర్నల్ దిగేముందు ఇంకా ఏమేం సిద్ధంగా ఉండాలో చెప్పే పత్రం కెర్నల్ డాక్యుమెంటేషన్లోకి ఎప్పుడొచ్చింది? 2023లో. అయిదేళ్లు ఆ ఒప్పందం కోడ్‌లోనూ, రాసినవాళ్ల తలల్లోనూ బతికింది. ఆ పత్రంలో ఒక షరతు ఉంది: ఫర్మ్‌వేర్ తాను కాపురముండే మెమరీని వాడకూడనిదిగా సరిగ్గా గుర్తుపెట్టి ఇవ్వాలి. నలభయ్యేళ్ల తరవాత, కొత్త ఊళ్లో, మళ్లీ మొదటి ప్రశ్న అదే. పోరంబోకు ఎక్కడెక్కడ ఉంది?

గుర్తుపెట్టకపోతే ఏమవుతుందో పాత ఊళ్లో అందరికీ తెలుసు. కొన్ని బయాస్‌లు, వాడుకోవచ్చని తామే చెప్పిన కింది మెమరీలోకి తామే వచ్చి రాసిపోయేవి – ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపినప్పుడో, కేబుల్ గుచ్చినప్పుడో. 2008లో కెర్నల్ కింది 64 కేబీని అరవై సెకన్లకోసారి తొంగిచూసి, ఎవరన్నా తొక్కారేమో పట్టుకునే కాపలా పెట్టింది. ఏ కంపెనీ బయాస్ అయితే జాగ్రత్త పడాలో జాబితా రాసుకుంది. జాబితా పెరిగింది. చివరికి 2021 జూన్‌లో, 5.13 వెర్షన్ నాటికి, విసిగిపోయి తేల్చేశారు: పటం ఏం చెప్పినా సరే, మొదటి 1 ఎంబీ మొత్తం పోరంబోకే.

అదే ఏడు నవంబరులో మా జిల్లాలో వానలు పడ్డాయి. మా ఊళ్లో, లెక్కలో వట్టి పోరంబోకుగా ఉన్న ఒక నంబరులో చాలా ఏళ్ల కింద ఇళ్ల స్థలాలిచ్చారు. ఇచ్చినవాళ్ల తప్పు అనను, వాళ్లు చూసిన కాగితం మీద అంతే ఉంది. ముప్పయ్యేళ్లుగా నీళ్లు పారని చోటు. ఆ రాత్రి పారాయి. ప్రాణాలు పోలేదు. పద్నాలుగు ఇళ్లలోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి, ఒకరి పాడి ఆవులు రెండు కొట్టుకుపోయాయి. తెల్లారి గట్టు మీద నిలబడి మా నాయన ఏమీ మాట్లాడలేదు. ఆయనకు తెలుసు అది వంకని. చిన్నప్పుడు అందులో ఈత కొట్టాడు. ఆయన్ను కూడా ఎవరూ అడగలేదు.

రెండేళ్ల కింద మదనపల్లెలో ఇంజనీరింగు పిల్లలకు ఈ బూట్ సంగతులు చెప్పడానికి పిలిచారు. తెర మీద కెర్నల్ లేచేటప్పుడు రాసే వరుసలు చూపించి, బయాస్-ఇ820 అన్న దగ్గర ఆగి, ఇది సాగు, ఇది పోరంబోకు అంటుంటే వెనక బెంచీలో ఒకడు లేచాడు. “సార్, పోరంబోకులో ఇల్లు కట్టుకుంటే కెర్నల్ ఏం చేస్తుంది సార్?” గది ఘొల్లుమంది. “అప్పటికి ఏం కాదు,” అన్నాను. “నిద్రపుచ్చి లేపినప్పుడు తెలుస్తుంది.” ఇంకొక అమ్మాయి, ఇదంతా ఎవరు రాసిపెట్టారు, వాళ్లకు జీతమిచ్చారా అని అడిగింది. కొందరికి ఇచ్చారు, కొందరికి లేదు అన్నాను. నా పాత డాట్ మ్యాట్రిక్స్ కాగితాన్ని తీసుకుపోయాను చూపిద్దామని. మడతల దగ్గర అక్షరాలు పోయాయి.

ఆ సాయంత్రం మా ఊరికి వెళ్లి, ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొని మా నాయన ముందు పెట్టాను. ఆయనకు ఎనభై దాటాయి. ఎఫ్‌ఎంబీ నకలు ఒకటి సంపాదించి పక్కన పరిచాను. నంబరు నంబరుగా అడుగుతున్నాను, ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. గొడ్ల బాట. కుమ్మరివాళ్లు మన్ను తీసుకునే గుంట. పసిపిల్లల దిబ్బ. పద్నాలుగు ఇళ్లున్న నంబరు దగ్గరికి వచ్చి, ‘వంక’ అని రాసి చదివి వినిపించాను.

“వంక అని రాస్తే ఎట్లప్పా,” అన్నాడు. “ఇప్పుడు చూసినోడు యాడుంది వంక అంటాడు. యాడినించి వచ్చి యాడికి పోతుందో అది రాయి.”

కొట్టేసి, దాని కింద మళ్లీ మొదలుపెట్టాను.